టెస్సా తలనీలాలు

కృష్ణవేణి గురించి మా నోవై ఊరి తెలుగువాళ్ళలో రెండు కథలు తిరుగుతున్నాయి. ఈ దేశంవాళ్ళు మన ఆచారాలు అర్థం చేసుకోక ఆ తల్లి ఒళ్ళోంచి పిల్లని లాక్కున్నారని ఒకటి. పరాయి పిల్లకి చెప్పాపెట్టకుండా గుండు కొట్టించిన మొండి మనిషని రెండోది. పాట్‌లక్ విందుల్లో ప్లేట్లు చేతబట్టుకుని ఈ కథలు చెప్పుకునేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళెవరూ అక్కడ లేరు. నేనున్నాను. ఆ పిల్ల జుట్టు మీద మొదటి కత్తెర వేసింది నేనే. కాబట్టి చెప్పాల్సిందీ నేనే.

నా పేరు రాధారాణి. ఈ ఊరొచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఆసుపత్రి ల్యాబ్‌లో ఊళ్ళోవాళ్ళ రక్తాలన్నీ పరీక్ష చేసి చేసి రిటైరయ్యాను. కృష్ణవేణిది మా ఇంటికి మూడో ఇల్లు. నలభై రెండేళ్ళ మనిషి. ఎలిమెంటరీ స్కూల్ కెఫెటీరియాలో పనిచేస్తుంది. పాల డబ్బాలు విప్పిపెట్టడం, చిన్నపిల్లలు తినకుండా పారేసేది చూసి బాధపడటం ఆవిడ ఉద్యోగం. మొగుడు భీమశంకరం కార్ల కంపెనీలో బ్రేకులు టెస్ట్ చేసే ఇంజనీరు. నోట్లోంచి మాట రావాలంటే ముహూర్తం చూడాలి. వీళ్ళకి పిల్లల్లేరు. ఆరేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగి, మూడుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయాక, "ఇంక చాలక్కా" అంది ఒకరోజు. ఆ తర్వాత ఫాస్టర్ కేర్ క్లాసులకి వెళ్ళడం మొదలుపెట్టారు ఇద్దరూ. చూసుకునేవాళ్ళు లేని పిల్లల్ని ప్రభుత్వం తెచ్చి అప్పగిస్తే, సొంతవాళ్ళు దొరికేదాకా పెంచడం అన్నమాట. దొరికేదాకానే సుమా అని నేను నొక్కి చెప్పాను. సరేనంది. ఏం వింటుంది, నా తలకాయ.

టెస్సా వచ్చింది 2023 ఫిబ్రవరిలో. మూడేళ్ళ పిల్ల. ఇక్కడి మూలవాసులు, తమని తాము అనిషినాబె అని చెప్పుకునేవాళ్ళ బిడ్డ. తల్లి మా వైపు ఏదో రెస్టారెంట్‌లో పనికొచ్చి, మంచు గడ్డకట్టిన రోడ్డు మీద కారు జారి చనిపోయింది. తండ్రి పేరు కాగితాల్లో లేదు. మిగిలింది అమ్మమ్మ లొరెయిన్. ఉత్తరాన, నాలుగు గంటల దూరంలో ఉంటుంది. ఆవిడ అప్పుడే తుంటి ఆపరేషనయి మంచం మీద ఉంది. వాళ్ళ తెగవాళ్ళ ఇళ్ళలో ఆ నెలలో పసిపిల్లని తీసుకోగలిగినవాళ్ళు దొరకలేదు. అమ్మమ్మ లేచి తిరిగేదాకా అని కృష్ణవేణి చేతిలో పెట్టారు.

నేను మొదటిసారి చూసేసరికి ఆ పిల్ల డైనింగ్ టేబుల్ కింద కూర్చుని ఉంది. నాకు మొహం కనబడలేదు, జుట్టే కనబడింది. వీపు నిండా నల్లగా, ఒత్తుగా, పుట్టాక కత్తెర తగలని జుట్టు. రెండు రోజులు అక్కడే ఉంది, అక్కడే తింది. మూడోరోజు కృష్ణవేణి పెరుగన్నం గిన్నె పట్టుకుని తనూ టేబుల్ కిందకి దూరింది. నాలుగోరోజు శంకరం దూరాడు. ఆరడుగుల మనిషి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, ఆఫీస్ ఫోన్‌కాల్ కూడా అక్కడినుంచే మాట్లాడాడు. ఐదోరోజు ముగ్గురూ బయటికొచ్చారు.

ఎండాకాలం వచ్చేసరికి ఆ పిల్ల కృష్ణవేణిని "వేణమ్మా" అని పిలిచేది. అమ్మా అని పిలిపించుకోవద్దని, ఈ పిల్లల్ని అప్పగించే ఏజెన్సీ వాళ్ళు చెప్పారు, పిల్లకి సొంత తల్లి ఉండేది కదా అని. కృష్ణవేణి అలా నేర్పలేదు. పిల్లే పేరులోంచి సగం తీసుకుని తన సదుపాయం చూసుకుంది. "వేణమ్మా, పప్పు హాట్ ఉంది" అనేది. "రాధాంటీ, షూస్ వదిలి రా" అని నాకే శాస్త్రాలు చెప్పేది.

పిల్లని అప్పగించినప్పుడు ఏజెన్సీ వాళ్ళు ఇటుకంత లావు ఫైలొకటి ఇచ్చారు. అందులో నియమాలుంటాయి. ఫొటోలు ఫేస్‌బుక్‌లో పెట్టకూడదు, చెవులు కుట్టించకూడదు, సొంతవాళ్ళని అడక్కుండా జుట్టు కత్తిరించకూడదు. కృష్ణవేణి ఆ ఫైలంతా పసుపు మార్కర్‌తో గీతలు గీసి మరీ చదివింది. జుట్టు దగ్గర కూడా గీసింది. నా కళ్ళతో చూశాను.

ఆ ఏడు నవంబర్‌లో మా లైబ్రరీలో ఆదివారం మధ్యాహ్నాలు నాలుగు సినిమాలు వేశారు. ఆస్ట్రేలియాలో అక్కడి ఆదివాసీ పిల్లల్ని ప్రభుత్వమే తల్లుల దగ్గర్నుంచి లాక్కెళ్ళి చర్చి మిషన్లలో, హాస్టళ్ళలో పెంచిన కాలం మీద తీసినవి. ఈ దేశంలోనూ అదే జరిగింది, కానీ ఆ నెల వాళ్ళు వేసినవి ఆ దేశం సినిమాలు. టెస్సాలాంటి పిల్లల్ని పెంచేవాళ్ళు చూస్తే మంచిదని, ఏజెన్సీలో మా పిల్ల సంగతి చూసే కేస్‌వర్కర్ హెదర్ ఈమెయిల్ పెట్టింది. పిల్లని శంకరానికి అప్పజెప్పి మేమిద్దరం నాలుగు వారాలూ వెళ్ళాం.

నాలుగింటిలో రెండు నాకు బాగా గుర్తు. మొదటిదాంట్లో దుమ్ము రోడ్డు మీద కారొస్తుంది. తల్లులు పిల్లల్ని పొదల్లోకి తోస్తారు. అయినా దొరుకుతారు. హాస్టల్లో తెల్ల గౌను వేసుకున్న పెద్దావిడ ఆ పిల్లల్ని వరసగా నిలబెట్టి జుట్టు కత్తిరిస్తుంది. కసిగా కాదు. పాట పాడుకుంటూ, మెడ మీద పడ్డ వెంట్రుకలు మెత్తగా ఊదుతూ. అయిపోయాక ఒక్కో పిల్లకి ఒక బిస్కెట్ ఇస్తుంది. "దీని చేతులు విరిగిపోనూ" అంది కృష్ణవేణి పైకే. ముందు వరసవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. రెండోది నిజం మనుషులతో తీసింది. ఒక ముసలావిడ, తనని తీసుకుపోయినప్పుడు ఆఫీసరు రాసిన రిపోర్టు చదువుతుంది. అమ్మమ్మ వృద్ధురాలు, ఇల్లు నివాసయోగ్యం కాదు, బిడ్డ క్షేమం దృష్ట్యా. చదివి కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటుంది. అంతే. కృష్ణవేణి కార్లో కూర్చుని పావుగంట ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎదుటివాళ్ళు చేసిన పాపం మీద ఏడవడంలో ఒక హాయి ఉంటుంది, చెప్పకేం. ఇంటికొచ్చి టీ తాగి, తెల్లవాళ్ళని తనివితీరా తిట్టుకున్నాం.

ఈలోపు లొరెయిన్ కర్ర పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. నెలకొక శనివారం, సగం దారిలో ఉన్న ఊళ్ళో, ఏజెన్సీ ఆఫీసు గదిలో గంటసేపు మనవరాల్ని చూసేది. కృష్ణవేణికి హైవే అంటే భయం. నేనే డ్రైవ్ చేసేదాన్ని. మొదటిసారి కృష్ణవేణి "మేమూ ఇండియన్లమే" అని నవ్వబోయింది. లొరెయిన్ నవ్వలేదు. ఆ మాట ఆవిడ వెయ్యిసార్లు విని ఉంటుంది. డెబ్భై ఒక్కేళ్ళ మనిషి, పొట్టిగా గట్టిగా ఉంటుంది, నెరిసిన జుట్టు మెడదాకానే ఉంటుంది. టెస్సా ఆవిణ్ణి "నోకో" అనేది. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని.

ఆ గంటలో ఆవిడ పెద్దగా మాట్లాడేది కాదు, బొమ్మలు తెచ్చేది కాదు. సంచిలోంచి చెక్క దువ్వెన తీసి, టెస్సాని కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని జుట్టు దువ్వేది. చిక్కులు తీసి, మూడు పాయలు తీసి, నిదానంగా అల్లేది. అల్లినంతసేపూ వాళ్ళ భాషలో ఏదో చెప్పేది. జడ అయిపోయేసరికి గంట అయిపోయేది. ఒకరోజు టెస్సా నిద్రపోతే లొరెయిన్ తన సంగతులు కొన్ని చెప్పింది. చిన్నప్పుడు బోర్డింగ్ స్కూల్లో పెట్టారని, బయటికొచ్చాక చాలా ఏళ్ళు తాగానని, కూతురు పుట్టాక మానేశానని. కృష్ణవేణి ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఇద్దరికీ స్నేహం కుదిరిందనే నేను అనుకున్నాను. నిజంగానే కుదిరింది. అందుకే ఇది చెప్పడం కష్టంగా ఉంది.

2024 జనవరికి అసలు సంగతి వచ్చి పడింది. టెస్సా శాశ్వతంగా ఎవరి దగ్గర ఉండాలో జూన్‌లో కోర్టు తేలుస్తుంది. జడ్జి అయినా, తెగ కౌన్సిల్ అయినా లొరెయిన్ మాటే వింటారు. ఆవిడ నా దగ్గరే ఉంచుకుంటానంటే పిల్ల వెళ్ళిపోతుంది. నా ఆరోగ్యం బాలేదు, కృష్ణవేణి దగ్గరే ఉండనివ్వండి అంటే ఉండిపోతుంది. హెదర్ ఆ మాట చెప్పి వెళ్ళిన దగ్గర్నుంచీ కృష్ణవేణికి అన్నం సయించలేదు. రోజూ సాయంత్రం మా ఇంటికొచ్చి "ఏమంటుందంటావక్కా" అని అదే మాట. వినలేక నేనే అన్నాను: "వెంకన్నకి మొక్కుకో. పిల్ల నీకు దక్కితే దాని తలనీలాలు ఇస్తానని మొక్కుకో."

మనకిదేం వింత కాదు. పుట్టువెంట్రుకలు దేవుడికివ్వని ఇల్లుందా? నాకు, కృష్ణవేణికి, శంకరానికి, అందరికీ మూడోయేటో ఐదోయేటో తీయించినవే. కృష్ణవేణి ఒక్క క్షణం ఆలోచించింది. "లొరెయిన్ గారికి ఆ జుట్టంటే ప్రాణం కదక్కా" అంది. "మరి దేవుడికి పనికిమాలింది ఇస్తామా? ప్రాణమైందే ఇవ్వాలి" అన్నాను. నేనే అన్నాను ఆ మాట. ఆవిడ కళ్ళు తుడుచుకుని మా దేవుడి పటం ముందే దణ్ణం పెట్టుకుంది.

మార్చి విజిట్‌లో జడ అల్లడం అయ్యాక లొరెయిన్ దువ్వెన సంచిలో పెట్టుకుని కృష్ణవేణి వంక చూసింది. "నాకు గుండె కూడా సరిగ్గా లేదంటున్నారు. నేను ఎన్నాళ్ళుంటానో తెలీదు. పిల్లకి మళ్ళీ మళ్ళీ ఇల్లు మారకూడదు. నీ దగ్గర ఉండనీ. ఎండాకాలాలు మాత్రం నాకు పంపు. మా భాష, మా పాటలు దానికి తెలియాలి" అంది. కోర్టులో అదే చెప్తానంది. కృష్ణవేణి ఆ గదిలో ఏడవకుండా ఆపుకుంది. కార్లో మాత్రం ఊరొచ్చేదాకా నవ్వుతూ ఏడుస్తూనే ఉంది.

కోరిక తీరింది కదా, మొక్కు చెల్లించడం ఆలస్యం చేయకూడదు. ఏప్రిల్లో మంచి రోజు చూసుకున్నాం. గుళ్ళో అర్చన చేయించుకొచ్చి, ఇంట్లోనే పీట వేసి, ముగ్గు పెట్టి, టెస్సాకి పట్టు లంగా కట్టాం. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాలి. కృష్ణవేణికి అన్నదమ్ముల్లేరు. శంకరం కత్తెర చేతిలో పట్టుకుని నసుగుతున్నాడు. "ఆ ఫైల్లో జుట్టు గురించి ఏదో ఉంది కదా వేణీ" అన్నాడు. ఏడాదికి సరిపడా మాటలు ఆ ఒక్క ముక్కలో మాట్లాడాడు ఆయన. కృష్ణవేణి, "అది హెయిర్‌కట్ సంగతండీ. ఇది మొక్కు. అయినా ఆవిడ ఒప్పుకున్నాక పిల్ల మనదేగా" అంది. నేనైతే కోప్పడ్డాను కూడా. "శుభమా అని చేసుకుంటుంటే సందేహాలేంటయ్యా. మేనమామ లేకపోతే నేనే ఉన్నాను, ఇటివ్వు" అని కత్తెర లాక్కున్నాను. టెస్సాని ఒళ్ళో కూర్చోబెట్టుకుని మూడు పాయలు కత్తిరించాను. మిగతాది శంకరం మిషన్‌తో తీశాడు. పిల్ల ఏడవలేదు. ట్రిమ్మర్ చప్పుడికి కితకితలు పెట్టినట్టు నవ్వింది. గుండు మీద గంధం రాసి, చేతిలో లడ్డూ పెట్టాను. "ఐ యామ్ ఎగ్!" అని ఇల్లంతా పరిగెత్తింది. జుట్టు పసుపు గుడ్డలో మూటకట్టి, ఆ వారమే తిరుపతి వెళ్తున్న మా చెల్లెలి చేత పంపించాం.

మే నెల విజిట్‌కి టెస్సా నెత్తిన పూల టోపీ పెట్టుకుని వచ్చింది. లొరెయిన్ ఎప్పట్లాగే కుర్చీలో కూర్చుని దువ్వెన చేతిలో సిద్ధంగా పట్టుకుని ఉంది. టెస్సా పరుగెత్తుకెళ్ళి, "నోకో, లుక్!" అని టోపీ తీసింది.

ఆవిడ దువ్వెన పక్క కుర్చీలో పెట్టింది. పిల్ల తల మీద చెయ్యి పెట్టి, తీసేసి, మళ్ళీ పెట్టింది. మా వైపు తిరిగి ఒకే మాట అడిగింది.

"ఎవరు చనిపోయారు?"

మాకు అర్థం కాలేదు. ఎవరూ చనిపోలేదని కృష్ణవేణి కంగారుగా చెప్పింది. "మా ఇంట్లో సొంతమనిషి పోతేనే జుట్టు కోస్తాం. దాని తల్లి పోయినప్పుడు నేను కోసుకున్నాను. పిల్లది కోయలేదు. ఇది దాని తల్లి దువ్విన జుట్టు" అంది లొరెయిన్. గొంతు పెంచలేదు. కృష్ణవేణి చెప్పడం మొదలుపెట్టింది: మా దేవుడు, మా మొక్కు, మీరు ఒప్పుకోవాలని మొక్కుకున్నాను, మాలో ఇది గొప్ప గౌరవం, మా అందరికీ చేస్తారు. ఆవిడ అంతా విన్నది.

"నన్ను తీసుకెళ్ళినప్పుడూ దేవుడి పేరే చెప్పారు" అంది. "నాకు ఆరేళ్ళు. కుర్చీలో కూర్చోబెట్టారు. అమ్మ చచ్చిపోయిందేమో, అందుకే కోస్తున్నారేమో అనుకున్నాను. ఎవరూ చెప్పలేదు. రెండేళ్ళు అమ్మ చచ్చిపోయిందనే అనుకున్నాను."

"ఆ జుట్టేది?" అని అడిగింది.

 కృష్ణవేణే చెప్పింది, దేవుడికి పంపేశామని. తిరుమలలో రోజూ ఎన్ని వేల తలలు దిగుతాయో, ఆ గుట్టల్లో ఆ మూట ఎక్కడ కలిసిపోయిందో నాకు తెలుసు.  లొరెయిన్ టెస్సాని ఎప్పట్లాగే కాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుంది. చేతులకి పనిలేదు. గంటసేపు ఆ రెండు చేతులూ పిల్ల భుజాల మీద పెట్టుకుని అలాగే కూర్చుంది. దువ్వెన పక్క కుర్చీలో ఉంది. పాటలు పాడుకుంటూ జుట్టు కోసి బిస్కెట్ ఇచ్చిన తెల్ల గౌను ఆవిడ నాకు అప్పుడు గుర్తొచ్చింది. లడ్డూ పెట్టిన నా చెయ్యి నాకు గుర్తొచ్చింది. ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది, నిజం.

వారం తిరక్కుండా హెదర్ ఫోన్ చేసింది. లొరెయిన్ మాట వెనక్కి తీసుకుంది. పిల్లని తనే పెంచుకుంటుంది, తన తర్వాత తన అక్క కూతురు చూసుకుంటుంది. కోర్టులో అలాగే చెప్తుంది.

కృష్ణవేణి ఉత్తరాలు రాసింది. నాలుగు. ఒక్కదానికీ జవాబు రాలేదు. అప్పుడు శంకరం, ఎప్పుడూ మాట్లాడని శంకరం, లాయర్‌ని పట్టుకున్నాడు. లాయర్ ఉత్సాహంగా ఉన్నాడు. ఆవిడ వయసు, ఆరోగ్యం, ఇల్లు, ఇవన్నీ కోర్టులో పెడితే కనీసం ఏడాది సాగదీయొచ్చన్నాడు. ఏడాది గడిస్తే పిల్ల మీకింకా అలవాటవుతుంది, జడ్జి కదిలించడానికి ఇష్టపడడు అన్నాడు. ఆవిడ గుండె సంగతి కూడా ఆలోచించండి అన్నాడు, మర్యాదగానే.

కృష్ణవేణి ప్రమాణం చేసి సంతకం పెట్టాల్సిన కాగితాన్ని ఆయన ఈమెయిల్లో పంపాడు. ఆ శనివారం పొద్దున వాళ్ళ వంటింట్లో నేనూ ఉన్నాను. శంకరం ప్రింట్ తీసి, పెన్నుతో సహా టేబుల్ మీద పెట్టాడు. కృష్ణవేణి పైకి చదివింది. అమ్మమ్మ వయసు డెబ్భై ఒకటి. తుంటికి శస్త్రచికిత్స జరిగింది. ఇంటికి కట్టెల పొయ్యే ఆధారం, ముందు మెట్టు విరిగి ఉంది. గతంలో మద్యానికి బానిస. బిడ్డ క్షేమం దృష్ట్యా.

అక్కడ ఆగింది.

"తాగుడు సంగతి లాయర్‌కి ఎలా తెలిసిందండీ?"

"నేనే చెప్పాను. నువ్వే కదా నాకు చెప్పావు" అన్నాడు శంకరం.

"ఆవిడ నా చెయ్యి పట్టుకుని చెప్పుకుందండీ అది."

"అబద్ధం ఒక్కటీ లేదు వేణీ అందులో. సంతకం పెట్టు."

"ఆ సినిమాలో ఆఫీసరు రాసినవీ అబద్ధాలు కావండీ" అంది కృష్ణవేణి.

నేను పెట్టమన్నాను. ఇదీ చెప్పాలి. "పెట్టవే, ఇదంతా తర్వాత ఏడవొచ్చు, ముందు పిల్లని దక్కించుకో" అన్నాను. ఆవిడ నావైపు చూసింది. కోపంగా కాదు. ఇన్నాళ్ళూ నా మాట వింటూ వచ్చిన మనిషి, ఎందుకు విన్నానా అని మొదటిసారి ఆలోచిస్తున్నట్టు చూసింది. కాగితాలు దగ్గరగా పేర్చి శంకరానికి ఇచ్చేసింది. శంకరం గరాజ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. చాలాసేపు రాలేదు. పక్క గదిలో టెస్సా టీవీ చూస్తోంది.

జూన్‌లో కోర్టు లొరెయిన్ మాటే ఖాయం చేసింది. జూలై మొదటివారంలో పిల్లని తీసుకెళ్ళాం. హెదర్ వచ్చి తీసుకెళ్తానంటే కృష్ణవేణి ఒప్పుకోలేదు. ఎవరో కార్లో వచ్చి ఎక్కించుకుపోవడం వద్దు, నేనే దింపుతాను అంది. హైవే అంటే భయపడే మనిషి ఆ నాలుగు గంటలూ తనే డ్రైవ్ చేసింది. శంకరం పక్కన, నేను వెనక టెస్సాతో. పిల్లకి చెప్పమని ఏజెన్సీ కౌన్సిలర్ నేర్పిన మాటలు కృష్ణవేణి దారిపొడుగునా చెప్తూనే ఉంది. నీ తప్పేం లేదు. నోకోకి నువ్వంటే ఇష్టం. మాకూ ఇష్టం. టెస్సా "ఓకే, వేణమ్మా" అంటూ చిప్స్ తింటోంది. నెత్తి మీద అంగుళం జుట్టు నిక్కబొడుచుకుని ఉంది.

లొరెయిన్ వాకిట్లోనే నిలబడి ఉంది. మెట్టు బాగు చేయించింది, కొత్త చెక్క ఇంకా పచ్చివాసన వేస్తోంది. లోపల మాకు సూప్ పెట్టింది. మేము తాగలేకపోయాం, కానీ పెట్టింది. వెళ్ళేముందు కృష్ణవేణిని పక్కకి పిలిచింది. "ఏడాదిదాకా రావద్దు. రెండు ఇళ్ళ మధ్య పిల్ల నలిగిపోతుంది. నెలకొకసారి ఫోన్ చేయిస్తాను" అంది. కృష్ణవేణి తలూపింది. క్షమించమని అడగబోయింది. లొరెయిన్ చెయ్యెత్తి ఆపింది.

"నువ్వు చెడ్డదానివనుకోవడం లేదు" అంది. "మా పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళలో చాలామంది చెడ్డవాళ్ళు కారు."

అంతకన్నా రెండు చెంపదెబ్బలు కొట్టి ఉంటే బాగుండేది. తిరిగి వస్తుంటే కార్ శంకరం నడిపాడు. వెనకాల నా పక్కనే టెస్సా సీటు ఖాళీగా ఉంది. దాని మీద చిప్స్ నలుసులు. నేను చేత్తో దులపబోతే "ఉండనీ అక్కా" అంది కృష్ణవేణి.

ఆగస్టు నుంచి నెలనెలా ఫోన్లు వచ్చాయి. టెస్సా అక్కడి కుక్క గురించి, ఫ్రాగ్స్ గురించి చెప్పేది. తెలుగు ఒక్కో ముక్కా రాలిపోతోంది. కృష్ణవేణి స్కూల్ పని మానలేదు. ఇంట్లో మాత్రం డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చోవడం మానేసింది, సింక్ దగ్గర నిలబడి తినేది. మనవాళ్ళు పలకరింపులకొచ్చి, "పోనీలెండి, మనపిల్ల కాదు కదా" అన్నారు. ఒకావిడ, "మళ్ళీ ఇంకొకరిని అడగండి, ఈసారి ఈ రెడ్ ఇండియన్లు వద్దని చెప్పండి" అంది. ఆవిణ్ణి నేను గుమ్మందాకా సాగనంపాను. మళ్ళీ రాలేదు.

డిసెంబర్లో ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళ వంటింట్లో ఉండగా ఫోన్ మోగింది. కృష్ణవేణి చేతులకి పిండి, స్పీకర్‌లో పెట్టింది. అటు నుంచి టెస్సా గొంతు, పరుగెత్తుకొచ్చినట్టు.

"వేణమ్మా! హెయిర్ వచ్చింది!"

"వచ్చిందా తల్లీ?"

"చెవి కింద వచ్చింది. నోకో చిన్న జడ వేసింది. లిటిల్ జడ. నువ్వు కార్‌లో ఎప్పుడు వస్తావు?"

"ఎందుకమ్మా?"

"హెయిర్ వచ్చింది కదా. ఇంక నేను ఇంటికి రావొచ్చు."

పిండి చేతులతో కృష్ణవేణి అలాగే నిలబడిపోయింది. ఐదు నెలలుగా ఆ పిల్ల ఏమనుకుంటోందో అప్పుడు తెలిసింది మాకు. జుట్టు పోయింది కాబట్టి పంపేశారు. వస్తే తీసుకుపోతారు. నీ తప్పేం లేదని దారిపొడుగునా చెప్పిన మాటలన్నీ వింది, చిప్స్ తింటూ తలూపింది, తన లెక్క తను వేసుకుంది. రోజూ చెవుల దగ్గర చెయ్యి పెట్టి చూసుకుంటూ ఉండి ఉంటుంది.

నేను సైగ చేశాను, నిజం చెప్పమని. సలహాలిచ్చే బుద్ధి నాకు ఇంకా పోలేదు. కృష్ణవేణి ఫోన్ మీదకి వంగింది.  

"ఇంకా పెరగాలి తల్లీ" అంది.

"ఎంత?"

"నడుం దాకా."

అటు పక్క ఫోన్ కిందపెట్టిన చప్పుడయింది. నడుం ఎక్కడుందో చూసుకుంటోందేమో.

"ఓకే, వేణమ్మా" అంది టెస్సా. "నేను కట్ చేయించుకోను. ప్రామిస్."